కంకిపాడులో ఆగిపోయిన బాతు

ఉషశ్రీ గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో చాలా ఏళ్లు స్టాకు చూసింది. ఏ మందుకి గడువు ఎప్పుడు తీరుతుందో, ఏది ముందు బయటికి పంపాలో ఆమెకి కంఠతా వచ్చు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. పటమటలో వాళ్లు అద్దెకుంటున్న ఇంట్లో కారం డబ్బాకీ, ఇడ్లీ రవ్వకీ, చివరికి అత్తగారి ఆవకాయ జాడీకీ తేదీ వేసిన చీటీలుండేవి. జాడీకి చీటీ అంటించిన రోజున అత్తగారు అమలమ్మ, "ఇది పాడయ్యేలోపు నేనే పోతానేమో. ఆ చీటీ ఏదో నాకే అంటించమ్మాయ్" అంది. ఉషశ్రీ నవ్వలేదు. జాడీ మూత బిగించి పక్కకి జరిపింది.

అలాంటి మనిషి కూతుర్ని బడి మానిపించిందంటే చుట్టాలెవరూ మొదట నమ్మలేదు.

కూతురు కీర్తన ఒకటో తరగతిలో చేరిన దగ్గర్నుంచీ సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున్నే కడుపునొప్పి అనేది. ఆదివారం మాత్రం నొప్పి ఉండేది కాదు. దసరా సెలవుల ముందు బడిలో తల్లిదండ్రుల్ని పిలిచారు. టీచరు ఫైలు తిరగేసి, "మీ పాపకి ఫౌండేషన్ వీక్‌గా ఉందండీ" అంది.

"ఏ ఫౌండేషనండీ?"

"ముందుముందు రాయాల్సిన పోటీ పరీక్షలకండీ."

ఉషశ్రీ వంగి బల్ల కిందకి చూసింది. ఐఐటీకి పనికిరాదేమోనని టీచరు దిగులుపడుతున్న పిల్ల అక్కడ కూర్చుని, తన బూట్లలో కుడిదేదో ఎడమదేదో తేల్చుకోలేక రెండూ విప్పేసి ఉంది. ఉషశ్రీ పిల్లనీ బూట్లనీ చంకనేసుకుని ఇంటికొచ్చేసింది. ఆ నెలాఖరుకి షాపులో కూడా మానేస్తానని చెప్పేసింది.

భర్త యేసుకుమార్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టుల ఉద్యోగి. డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో ఈ వార్త సిద్ధంగా ఉంది.

"మరి చదువు?" అన్నాడు.

"నేను చెప్తాను."

"నీకు చెప్పడం వచ్చా?"

"రెండు వేల రకాల మందులు చూశానండీ. ఒకటో తరగతి ఎంతుంటుంది?"

ఒకటో తరగతి చాలా ఉంటుందని మొదటివారంలోనే తెలిసింది. కీర్తన పలకముందు కూర్చునేది కాదు. కూర్చుంటే రాసేది కాదు. రాస్తే అది అక్షరం కాదు, పిల్లి బొమ్మ. అయితే ఒకరోజు అన్నం తినిపిస్తూ ఉషశ్రీ ఏదో నోటికొచ్చినట్టు, లారీలోంచి జారి బెంజ్ సర్కిల్ దగ్గర పడిపోయిన ఒక బాతు సంగతి చెప్పింది. కీర్తన కదలకుండా విన్నది. వింటూ వింటూ చిక్కుడుకాయ కూర మొత్తం తినేసింది. ఆ పిల్ల చిక్కుడుకాయ తినడం ఆ ఇంట్లో అదే మొదలు.

ఉషశ్రీకి దారి దొరికింది. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు గీతలు గీసి సంవత్సరం మొత్తానికీ ప్లాను వేసింది. బాతు పేరు బంగారి. దాని మంద అవనిగడ్డ పక్క చేలల్లో ఉంది. బంగారి బందరు కాలువ పట్టుకుని, తర్వాత నడిచి, ఊరూరూ దాటుకుంటూ మందని చేరుకోవాలి. ఒక్కో ఊళ్లో ఒక్కో పాఠం. బెంజ్ సర్కిల్‌లో రంగులూ, కుడి ఎడమలూ. పోరంకిలో కూరగాయల బండి దగ్గర లెక్కలు. కంకిపాడులో క గుణింతం. ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీ దగ్గర తూకాలు. పామర్రులో కూడికలు. సంక్రాంతి నాటికి చల్లపల్లి, వేసవికి అవనిగడ్డ. ఆ కాగితాలన్నీ వరసగా హాల్లో గోడకి అంటించింది. చూడ్డానికి వచ్చిన యేసుకుమార్, "మా ప్లాంటులో షట్‌డౌన్‌కి కూడా ఇంత ప్లాను ఉండదు" అన్నాడు.

బెంజ్ సర్కిల్ పాఠం అద్భుతంగా సాగింది. సిగ్నల్ పడగానే బంగారి ఎటు తిరగాలో చెప్పీచెప్పీ కీర్తనకి కుడి ఎడమలు వచ్చేశాయి. బూట్లు సరిగ్గా తొడుక్కోవడం మొదలుపెట్టింది. పోరంకిలో బెండకాయలు లెక్కపెట్టింది. కంకిపాడుకి ప్లానులో రెండు రోజులే ఇచ్చింది ఉషశ్రీ.

మొదటిరోజు గుణింతం సగం అయింది. మధ్యాహ్నం ఉషశ్రీ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చి, పిల్లని అత్తగారికి అప్పగించి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మనవరాలూ నానమ్మా చాప మీద పడుకుని గుసగుసలాడుకుంటున్నారు.

"అమ్మా, మెల్లగా మాట్లాడు. బంగారి గుడ్ల మీద కూర్చుంది" అంది కీర్తన.

ఉషశ్రీ దవడ ఒకవైపు ఇంకా తిమ్మిరిగానే ఉంది. "ఏ గుడ్లు?"

"తొమ్మిది పెట్టింది. కాలువ గట్టు మీద, తుంగలో."

ఉషశ్రీ అత్తగారి వైపు చూసింది. అమలమ్మది దివిసీమ. ఆమె చిన్నప్పుడు వాళ్లింట్లో బాతులుండేవి. "బాతన్నాక గుడ్లు పెట్టదా?" అంది ఆమె తాపీగా.

"ప్లాన్లో లేదండీ, అత్తయ్యా."

"నీ ప్లాను సంగతి బాతుకి తెలవదుగా."

"సరే. ఎప్పుడు పిల్లలవుతాయి?"

"నాలుగు వారాలు పట్టుద్ది."

ఉషశ్రీ గోడ వైపు చూసింది. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అన్నీ వరసగా ఎదురుచూస్తున్నాయి.

మర్నాడు పొద్దున ఆమె బంగారిని కదిలించబోయింది. కీర్తన ఒప్పుకోలేదు. తల్లి లేస్తే గుడ్లు చల్లబడి చచ్చిపోతాయని నానమ్మ చెప్పిందట. ఉషశ్రీ అప్పటికి ఊరుకుంది గానీ, ఆ తర్వాతి రోజు కథలో కాలువకి నీళ్లు వదిలించింది. గట్టు మునిగే పరిస్థితి వచ్చింది, బంగారి వెళ్లక తప్పదు. కీర్తన ఏడవబోయింది. మధ్యాహ్నానికి అమలమ్మ రంగంలోకి దిగి, లాకుల దగ్గర మనిషి చేత తలుపు దింపించి నీళ్లు ఆపేసింది. ఉషశ్రీ కుక్కని పంపింది. అమలమ్మ ఆ కుక్కకి ఎండుచేప పడేసి కాపలా పెట్టుకుంది. పొద్దుటి పూట తల్లి బాతుని వెళ్లగొట్టడం, మధ్యాహ్నం నానమ్మ దాన్ని నిలబెట్టడం, ఇలా వారం గడిచింది. కీర్తన మాత్రం రెండు పూటలా చిక్కుడుకాయ కూరే పెట్టినా తినేస్తోంది.

చివరికి ఉషశ్రీ ఫోన్లో వెతికి ఒక సంగతి కనిపెట్టింది. పల్లెల్లో బాతు గుడ్లని నాటుకోడి కింద పెట్టి పొదిగిస్తారట. ఆ పొద్దున కథలోకి ఒక కోడి వచ్చి, "నువ్వు వెళ్లిరా వదినా, గుడ్లు నేను చూసుకుంటా" అంది.

కీర్తన ఆలోచనలో పడింది. "కోడి వాళ్లమ్మ కాదు కదా?"

వంటింటి గడపలో చిక్కుళ్లు ఈనెలు తీస్తున్న అమలమ్మని కోడలు ఓరగా చూసింది. ఈసారి అత్తగారు ఏం అడ్డం వేస్తుందోనని. అమలమ్మ చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో వేసింది.

"నిజమే, మేమూ అట్టాగే పెట్టేవోళ్లం" అంది. "నేను కోతలకి పోయినప్పుడు మీ నాన్నని మా అక్క దగ్గర వదిలేసి పోయేదాన్ని, చిట్టితల్లీ. మా శౌరమ్మక్క పెంచింది నెలలకి నెలలు. అయినా వాడు నన్నే అమ్మా అన్నాడుగా."

కీర్తన లోపలి గదిలో షిఫ్టు దిగి పడుకున్న తండ్రిని తొంగిచూసి వచ్చింది. "అందుకేనా నాన్న ఎప్పుడూ నిద్రపోతాడు?"

అత్తా కోడలూ ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ ఇంట్లో వారం రోజుల తర్వాత వాళ్లు కలిసి చేసిన మొదటి పని అది. కీర్తన బాగా ఆలోచించి తీర్పు చెప్పింది. బంగారి మేతకి వెళ్లినంత సేపు కోడి కూర్చోవచ్చు. ఉయ్యూరు దాకా వెళ్తే మాత్రం కుదరదు.

ఉషశ్రీ ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. గోడ మీద కాగితాలన్నీ పీకి, మళ్లీ రాసి అంటించింది. బాతు ఉయ్యూరు వెళ్లకపోతే ఉయ్యూరే కంకిపాడు వచ్చింది. పంచదార బస్తాల లారీ ఒకటి కాలువ గట్టు మీద చెడిపోయి ఆగింది. తూకాలు అక్కడే అయ్యాయి. కూడికలకి పామర్రు నుంచి ఒక కొంగ వచ్చింది. గుడ్ల రోజులు లెక్కపెట్టుకోవడానికి కీర్తన క్యాలెండరు చూడ్డం నేర్చుకుంది. అత్తగారిని కూర్చోబెట్టి ఉషశ్రీ ముందుగానే అడగడం మొదలుపెట్టింది, "బంగారి ఈ వారం ఏమైనా పెడుతుందా అండీ, పొదుగుతుందా, ఈకలు రాలుస్తుందా?" అని. అమలమ్మకి ఆ గౌరవం నచ్చింది.

ఇలా ఉండగా ఒకరోజు బడికి రాని పిల్లల వివరాలు రాసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు సాలేహా. ఎండలో మెట్లెక్కి ఆయాసపడుతూ, చేతిలో ట్యాబ్ తీసి, "పాప స్కూలుకి వెళ్లట్లేదని ఉందండీ. కారణం చెప్తారా? వలస వెళ్లారా, అనారోగ్యమా, పనికి వెళ్తోందా?" అంది.

"ఇంట్లో చదువుకుంటోందండీ."

సాలేహా స్క్రీన్ పైకీ కిందికీ జరిపింది. "ఇతరాలు అని పెడతానండీ. ఏం చదువుతున్నావమ్మా?" అని కీర్తనని అడిగింది.

"బాతు" అంది కీర్తన.

సాలేహా ఉషశ్రీ వైపు చూసింది. ఉషశ్రీ గోడ వైపు చూసింది. ఈలోపు కీర్తన చెప్పడం మొదలుపెట్టేసింది. లారీ, సిగ్నల్, కాలువ, తొమ్మిది గుడ్లు, అందులో ఒకటి మురిగిపోతే ఎనిమిది, ఒక్కో గుడ్డుకీ రెండేసి కాళ్లు చొప్పున బయటికి రాబోయే పదహారు కాళ్లు. పిల్లలయ్యేది వచ్చే మంగళవారం కాదు, ఆపై మంగళవారం. క్యాలెండరు తెచ్చి వేలు పెట్టి చూపించింది. సాలేహా మంచినీళ్లు తాగుతూ మొత్తం విన్నది. "కుక్క ఏమీ చెయ్యదు కదా?" అని మధ్యలో ఒకసారి అడిగింది. వెళ్లేముందు, "జూన్‌లో ఏదో ఒక బడిలో పేరుంటే పాపకి మంచిదండీ. నేను వచ్చి చెప్తాను" అంది. మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చి ఉషశ్రీ ఫోన్ నంబరు రాసుకుంది.

ఆ మంగళవారం దగ్గరపడుతుంటే కీర్తన కొత్త మాట మొదలుపెట్టింది. "అందరం కంకిపాడు వెళ్దాం. చూడాలి."

పెద్దవాళ్లు ముగ్గురూ వంటింట్లో చేరారు. "అది ఉత్త కథే అని ఇన్నాళ్లూ చెప్పలేదండీ నేను" అంది ఉషశ్రీ కలవరంగా. "అక్కడ ఏమీ లేకపోతే పిల్ల బెంగపెట్టుకుంటుంది."

"నేను చూసుకుంటా" అన్నాడు యేసుకుమార్. పెళ్లయిన కొత్తలో ఈ మాటకి ఉషశ్రీ ధైర్యం తెచ్చుకునేది.

మంగళవారం యేసుకుమార్ ముందుగా బండి మీద వెళ్లాడు. మిగతా ముగ్గురూ ఆటోలో వెళ్లారు. కంకిపాడు దగ్గర కాలువ గట్టు మీద, తుంగ పక్కన, కాలికి పురికొస కట్టిన తెల్లటి బాతొకటి కోపంగా నిలబడి ఉంది. దాని పక్కన యేసుకుమార్, ఏమీ తెలియనట్టు కాలువ చూస్తూ నిలబడ్డాడు. అది ఇబ్రహీంపట్నంలో తోటి ఉద్యోగి దగ్గర కొనితెచ్చిన బాతు. బాతుపిల్లలు దొరకలేదు. నీళ్లలోకి ఈతకి వెళ్లాయని చెప్పాలని ఒప్పందం.

కీర్తన బాతు చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి వెనకనుంచి చూసింది.

"ఇది మగ బాతు" అంది. "తోక మీద ఈక మెలి తిరిగి ఉంది. నానమ్మ చెప్పింది."

భార్యాభర్తలిద్దరూ అమలమ్మ వైపు చూశారు. "నన్ను చూస్తారేంటి? వాడు నన్నడిగి తెచ్చాడా?" అంది ఆమె.

ఉషశ్రీ అందుకుంది. "ఇది ఆ పిల్లల నాన్న. బంగారి పిల్లల్ని తీసుకుని ఈతకి..."

"అమ్మా, బంగారి కథలో కదా ఉండేది" అంది కీర్తన. "ఇక్కడెందుకుంటుంది?"

ఉషశ్రీ బాతునీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. "మరి చూడాలన్నావు?"

"కంకిపాడు చూడాలన్నా. ఇన్నాళ్లున్నాం కదా ఇక్కడ." కీర్తన తల్లి కొంగు పట్టి కిందికి లాగి చెవిలో చెప్పింది. "నాన్నకి చెప్పకు. పాపం, నిజమనుకుంటున్నాడు."

యేసుకుమార్ అప్పుడు బాతుకి మరమరాలు పెడుతున్నాడు. బాతు తినట్లేదు.

తిరుగు ప్రయాణంలో బండి స్టార్టవలేదు. దాన్ని మెకానిక్ దగ్గర వదిలి నలుగురూ, గోనెసంచిలో తల బయటపెట్టిన బాతూ సిటీ బస్సెక్కారు. కండక్టరు అందరికీ టికెట్లు కొట్టి, సంచి వైపు చూసి, "దీనికీ తీసుకోవాలమ్మా" అన్నాడు.

"దీనికింకా ఐదేళ్లు నిండలేదండీ" అంది కీర్తన.

కండక్టరు మిషన్ చేత్తో పట్టుకుని కాసేపు ఆ పిల్లని చూశాడు. బస్సులో వాళ్లంతా నవ్వుతున్నారు. ఏమీ కొట్టకుండా ముందుకెళ్లిపోయాడు. ఉషశ్రీ పమిట నోటికి అడ్డం పెట్టుకుని బెంజ్ సర్కిల్ దాకా నవ్వుతూనే ఉంది. సాయంత్రం సాలేహా ఫోన్ చేసింది. "మేడం, ఎనిమిదీ బయటికొచ్చాయా? మా అమ్మ పొద్దున్నుంచి అడుగుతోంది."

బాతు కొన్నాళ్లు డాబా మీద ఉండి, అమలమ్మ చుట్టాలతో దివిసీమ వెళ్లిపోయింది. బంగారి కూడా తన పిల్లలతో కాస్త ఆలస్యంగా, వానాకాలం మొదట్లో అవనిగడ్డ చేరింది. జూన్‌లో సాలేహా దగ్గరుండి కీర్తనని దగ్గరలో ఉన్న బడిలో రెండో తరగతిలో చేర్పించింది. కడుపునొప్పి రాలేదు. ఉషశ్రీ మళ్లీ ఉద్యోగంలో చేరింది, పూటపనికి. శనివారం మధ్యాహ్నాలు ఆ హాల్లో వీధిలో పిల్లలు అయిదారుగురు చేరతారు. ఇప్పుడు నడుస్తున్నది కృష్ణ ఒడ్డున పడవ నడిపే ఒక తాబేలు కథ. మొన్నటి శనివారం అత్తా కోడలూ కొంచెం పెద్ద గొంతులతో వాదించుకున్నారు, తాబేలుకి ఆడపడుచు ఉండాలా వద్దా అని. అది తేలేదాకా పిల్లలంతా పాఠం ఆపి, మరమరాలు తింటూ కూర్చున్నారు.