కర్టెన్ రాడ్డు గాలం

గాలం వేయడానికి బయలుదేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే చేప పడదు. ఇది మా నాన్న నమ్మకం. పొరపాటున ఎవరైనా అడిగారంటే ఇంటికి తిరిగొచ్చి, చెప్పులు విప్పి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి బయలుదేరాలి. మా గోదావరి జిల్లా ఊళ్ళో ఆయన చేతిలో గాలం కర్ర కనబడితే చాలు, జనం నోరు మూసుకుని పక్కకు తప్పుకునేవారు. దోహాలో ఈ సంగతి ఎవరికి తెలుసు?

ఆ చలికాలం నాన్న విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చాడు. ఉమ్ ఘువైలినా అనే పేటలో మాది ఐదో అంతస్తు. నేనూ మా ఆయనా డ్యూటీలకు పోతే సాయంత్రం దాకా ఆయనకు గోడలే దిక్కు. ఒకరోజు కార్నిష్‌కు తీసుకెళ్ళి సముద్రం చూపించాం. జేబులోంచి జీలుగు బెండు కట్టిన గాలం తాడు తీశాడు. సూట్‌కేసులో చొక్కాల మధ్య దాచి తెచ్చుకున్నాడట! నాకు నవ్వాగలేదు. కాసేపు వేసి చూసి, మొహం చిట్లించుకుని తాడు చుట్టేశాడు.

"ఇవేం నీళ్ళే! బెండు ఒక్క క్షణం నిలబడదు. లాగుతున్నది చేపో సముద్రమో తెలిసి చావదు."

చెరువుల్లో, కాలవల్లో ఆరితేరిన చెయ్యి ఆయనది. నీళ్ళు కదలకూడదు, బెండు నిలబడాలి, సన్నగా వణకాలి, ఆ తర్వాత మునగాలి. ఆ వణుకు కోసం ఆయన తిండి కూడా మానేస్తాడు.

చివరి వారంలో అన్నం తింటూ చెప్పేశాడు. "ఇదే మొదలు, ఇదే ఆఖరమ్మాయ్. ఇక మీరే రండి. నేను రాను."

నాకు కోపం నషాళానికంటింది. "రాకపోతే మానెయ్!" అన్నాను. అని, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడాదికోసారైనా ఆయన వచ్చి నా ఇంట్లో ఉండాలని నేనెంత ఆశపడ్డానో నాకే తెలుసు.

నా ఏడుపు చూడలేక మా ఆయన ఒక దారి కనిపెట్టాడు. వాళ్ళ ఆఫీసు డ్రైవరుది జగిత్యాల వైపు. అతని అన్న అల్ ఖోర్ దారిలో ఒక ఖర్జూరం తోటలో పనిచేస్తాడు. అక్కడ చెట్లకు నీళ్ళు పెట్టే పెద్ద సిమెంటు తొట్టి ఉంది. నాచు తింటాయని అందులో చైనా గొరకలు వదిలారట. అరచేయంత చేప, వీపు మీద ముళ్ళు. మా ఊళ్ళో గాలానికి అది పడితే నాన్న "థూ, వెధవ చేప!" అని గట్టు మీదికి విసిరేసేవాడు. చెరువుల్లో బొచ్చె చేపల మేతంతా అదే తినేస్తుందని ఆయనకు దానిమీద పగ. అలాంటిది, ఈ మాట వినగానే కంచం ముందునుంచి లేచి నిలబడ్డాడు.

"నిలవ నీళ్ళేనా? మంచినీళ్ళ చేపేనా?"

శనివారం ఆయన విమానం. శుక్రవారం ఒక్కటే మిగిలింది.

పొద్దున నేను లేచేసరికి హాల్లో కిటికీకి తెర లేదు. కర్టెన్ రాడ్డు నాన్న చేతిలో ఉంది, దాని చివర తాడు కట్టి ఉంది. తెర మాత్రం సోఫా మీద చక్కగా మడతపెట్టి ఉంది, అదొక మర్యాద! ఖుబ్బూస్ రొట్టె నానబెట్టి, పిసికి, ఎర ముద్దలు చేసి నా టిఫిన్ డబ్బాలో సర్దుకున్నాడు.

అంత పొడుగు రాడ్డు ఏటవాలుగా పట్టుకుని లిఫ్టులోంచి దిగిన పెద్దాయన్ని చూసి అడగకుండా ఉండే మనిషి ఈ భూమ్మీద ఉంటాడా? కింద వాచ్‌మన్ ఎంతో ప్రేమగా "చాచా, కిధర్?" అన్నాడు. నాన్న గిర్రున వెనక్కి తిరిగాడు. ఐదో అంతస్తు. చెప్పులు, కుర్చీ, నీళ్ళు. "తొందరగా తాగు నాన్నా!" అని నేను పక్కన గంతులు.

రెండోసారి నేనే ముందు దిగాను. వాచ్‌మన్‌ను బతిమాలితే పాపం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎదురొచ్చిన మలయాళీ ఆవిడ రాడ్డు చూసి నోరు తెరవబోయింది. రెండు చేతులూ జోడించి "ప్లీజ్, ఏమీ అడక్కండి!" అని అరిచాను. ఆవిడ హడలిపోయి మెట్లెక్కేసింది. కారెక్కాం. గండం గట్టెక్కింది అనుకున్నాను. మా ఆయన బెల్టు పెట్టుకుని, ఫోను తీసి, "ఇంతకీ ఎక్కడికి పెట్టమంటారు మావయ్యగారూ లొకేషన్?" అన్నాడు.

నాన్న మర్యాదస్తుడు, అల్లుణ్ణి పల్లెత్తు మాట అనడు. తలుపు తీసుకుని దిగాడు. అనాల్సినవన్నీ నేను అన్నాను. మా ఆయన స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. మళ్ళీ ఐదో అంతస్తు, మళ్ళీ చెప్పులు, మళ్ళీ నీళ్ళు. "తొందరగా తాగు, ఎండెక్కుతోంది!" అంటూనే నాకు నవ్వు మొదలైంది. లిఫ్టులో రాడ్డు పట్టుకుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను.

తోట గేటు దగ్గర డ్రైవరు అన్న ఎదురొచ్చాడు. నేను ఊపిరి బిగబట్టాను. అతను రాడ్డు చూశాడు, బెండు చూశాడు, నాన్న మొహం చూశాడు.

"మంచిగ దూరంకెల్లి వచ్చిన్రు బాపూ. ముదీర్‌ను అడిగిన, మాఫీ ముష్కిల్ అన్నడు. యల్లా, రాండ్రి." తోట మేనేజరు ఏం ఫరవాలేదన్నాడన్నమాట.

"చూశావా, మనిషంటే అలా ఉండాలి," అన్నాడు నాన్న నా చెవిలో.

తొట్టి నీళ్ళలో బెండు నిటారుగా నిలబడింది. మేం ముగ్గురం గట్టు పక్కన కుక్కిన పేనుల్లా కూర్చున్నాం. బెండు వణికింది. మునిగింది. నాన్న లాగిన లాగుడికి చేప నీళ్ళలోంచి లేచి, మా నెత్తిమీదుగా ఎగిరి, వెళ్ళి మా ఆయన ఒళ్ళో పడింది.

"పట్టుకోండి అల్లుడుగారూ! ముళ్ళు జాగ్రత్త! వదలకండి! వదిలెయ్యండి!" నాన్న గట్టు మీద చిందులేస్తున్నాడు. చేప మా ఆయన చొక్కా మీద టపటపా కొట్టుకుంటోంది. డ్రైవరు అన్న పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు.

నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. "ఎంత అందమే దీనికి! పొట్ట కింద ఆ రంగు చూడు. ఇన్నేళ్ళూ సరిగ్గా చూడనేలేదు." మా ఊరి వెధవ చేప ఆ పూట బంగారు తల్లి అయిపోయింది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ సాయంత్రం అజాన్ వినబడేదాకా కదల్లేదు. డ్రైవరు అన్న పులుసు పెట్టాడు. "దుబాయ్‌ల గాలమేసి చేపల్ వట్టినమని మా అమ్మకు ఫోన్ల చెప్పిన బాపూ. నమ్మలే!" అన్నాడు వడ్డిస్తూ. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

మర్నాడు ఎయిర్‌పోర్టులో నాన్న సూట్‌కేసు ట్రాలీ తోసుకుంటూ కౌంటరు దాకా వెళ్ళాడు. మేం ఇవతలే నిలబడ్డాం. కౌంటర్లో పిల్ల నవ్వుతూ ఏదో అడిగింది. నాన్న పాస్‌పోర్టు తిరిగి జేబులో పెట్టుకుని, ట్రాలీ తిప్పుకుని వెనక్కి వచ్చేశాడు.

"అడిగేసిందే, ఎక్కడికని!"

"నాన్నా! అది గాలానికి కదా, విమానానిక్కూడానా?"

ఆయన కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. నా చేతిలో నీళ్ళ సీసా అందుకున్నాడు.

"గాలం తాడు నీ అలమరలో చీరల కింద పెట్టాను. ఎలకలు కొట్టకుండా చూడు. వచ్చే చలికాలానికి కావాలి," అన్నాడు.

ఆ తర్వాత ఒక గుక్క తాగి ఆగాడు. నా వంక చూశాడు. ఇంకో గుక్క తాగాడు. నేను తొందరగా తాగమనలేదు.