మొదటి కాలు

మా అక్క మొగుడు వడ్రంగి. నలభై ఏళ్లుగా ఏ ప్లైవుడ్ షీటు చేతికొచ్చినా వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి వినేవాడు. లోపల పొరలు విడిపోతే చెక్క డొల్లగా పలుకుతుంది. "అబద్ధాలాడేది మనుషులే, చెక్క కాదు" అనేవాడు. తను కట్టిన అటక మీదైనా సరే, నిచ్చెన మీదైనా సరే, మొదటి కాలు తనే పెట్టేవాడు.

ఆ ఏడు కూతురి స్కేట్‌బోర్డు కోసం పెరట్లో మనిషెత్తు ర్యాంపు మొదలుపెట్టాడు. అప్పటికే ఆయనకి చెవులు మందగించాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

పైన పరిచే ఆఖరి షీటు ఒకసారి వానకి తడిసి ఆరింది. ఆయన తట్టాడు. పక్కనే ఉన్న నాకు డొల్ల చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"కంచులా మోగుతోంది" అన్నాడు.

"ఇంకోసారి తట్టి చూడు బావా."

"పుస్తకాల పురుగువి, చెక్క సంగతి నీకేం తెలుసోయ్!" అంటూ స్క్రూలు బిగించేశాడు. ఆ స్క్రూలు అందించింది నేనే.

సాయంత్రం మేనకోడలు హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. "ఆగమ్మా, మొదటి కాలు నాది" అని ఆయన పైకెక్కి, మడమతో గట్టిగా గుద్దాడు. కాళ్ల కింద ఫట్‌మంది. నేను విన్నాను. పిల్లా వింది.

"చూశావా బావమరిదీ? కిక్కురుమనలేదు!"

"నాన్నా, దిగు!" అని అరిచింది పిల్ల.

చెవుల సంగతి ఏనాడూ ఒప్పుకోని మనిషి, మొదటిసారి చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా?" అంటూ ఆ షీటు మీద ఇంకో అడుగు ముందుకేశాడు.