తీగలక్క బాగుచేసిన వించ్

కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగి తీగ చుట్టే దుకాణంలో ఆమె పనిచేసేది. అందుకే అందరూ ఆమెను తీగలక్క అనేవారు. చిన్న వయసులోనే భర్త పోతే, చంకన పిల్లతో ఆ దుకాణంలో చేరింది. ఆ పిల్ల పెరిగి పెద్దదై పెళ్లి చేసుకునేదాకా అదే బల్ల, అదే కిటికీ. ఫ్యాన్లు, నీళ్ల పంపులు, పిండిమరలు, ఒకసారి సర్కసు వాళ్ల రంగులరాట్నం మోటారు కూడా ఆ బల్ల మీద కూర్చుని లేచి వెళ్లాయి. మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే చాలు, "ఇది మోయలేని బరువు మోసింది", "ఇది నీళ్లు తాగింది" అని చెప్పేసేది. చివరికి మోకాళ్లు మొరాయించడంతో పని మానేసి కూతురి ఇంటికి వచ్చింది.

కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున వెళితే సాయంత్రమే రాక. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేక తీగలక్క మొదట మిక్సీ విప్పింది. తర్వాత ఇస్త్రీపెట్టె, ఆ తర్వాత కిర్రుకిర్రుమనే సీలింగు ఫ్యాను. ఇక ఆ ఇంట్లో పాడైన వస్తువంటూ మిగల్లేదు. పక్కింటి వాళ్ల గ్రైండరు వైపు ఆశగా చూడటం మొదలుపెట్టింది.

"అమ్మా, నీకోసం ఏదన్నా పాడుచేసి పెట్టమంటావా?" అంది కూతురు నవ్వుతూ.

"పాడుచేయడానికి నువ్వెందుకే, వస్తువులకి ఆ మాత్రం తెలివి లేదా?" అంది తల్లి.

అల్లుడికి ఓ పాత జీపు ఉంది. నాలుగు చక్రాలూ లాగే రకం. బస్సు ఎక్కలేని కొండదారుల్లో, పైన ఉన్న ఇళ్లకు బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, సిమెంటు, జబ్బుపడ్డ మనుషులు, అప్పుడప్పుడు మేకలు, అన్నీ అతని జీపులోనే ఎక్కి దిగుతాయి. బయట నలుగురితో కబుర్లాడే మనిషే, కానీ అత్తగారి ముందు నోరు పెగిలేది కాదు. ఆమె గదిలోకి వస్తే చాలు, చాపుకున్న కాళ్లు ముడుచుకుని, ఏదో పనున్నవాడిలా లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అలాగని అయిష్టం లేదు. బోలెడంత మర్యాద మాత్రం ఉంది. ఆ మర్యాదతో ఇద్దరికీ ఊపిరాడేది కాదు.

ఓ ఆదివారం పొద్దున తీగలక్క బట్టలు ఆరేయడానికి వాకిట్లోకి వచ్చింది. రేకుల షెడ్డు కింద జీపు ఉంది. దాని ముందు బంపరు మీద తుప్పుపట్టిన ఇనుప డ్రమ్ము ఒకటి, దానికి చుట్టిన ఉక్కుతాడు, తాడు చివర కొక్కెం. డ్రమ్ముకు ఓ పక్కన పొట్టి డబ్బాలాంటిది. అల్లుడు జీపు తుడిచే గుడ్డల్ని తెచ్చి ఆ డ్రమ్ము మీద ఆరేస్తున్నాడు. ఆమె బకెట్టు కింద పెట్టి దగ్గరికొచ్చి, ఆ డబ్బాని గోటితో టకటకా కొట్టి చూసింది.

"బాబూ, ఇందులో మోటారుందా?"

"ఉందండీ. వించ్ అంటారు. బురదలో కూరుకుపోతే తాడుతో లాగడానికి. నేను బండి కొన్నప్పటినుంచీ ఇది జీపుకి ముక్కుపుడకేనండీ, అందానికి. మోటారు చచ్చిపోయి చాలా కాలమైంది."

"చచ్చిందని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండీ. స్విచ్చి నొక్కితే పలకలేదు."

"పలకనంత మాత్రాన చచ్చినట్టేనా? ఆ లెక్కన మీరు నాతో ఎన్నాళ్లనుంచి పలకడం లేదు?"

అల్లుడు బిత్తరపోయాడు. వంటింటి కిటికీలోంచి కూతురు పకపకా నవ్వడం వినిపించింది. కాసేపటికి అతనికీ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే వెళ్లి పానాలు తెచ్చాడు.

ముందు బ్యాటరీ తీగలు ఊడదీశాడు. బోల్టులు తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. కిరోసిన్ పోసి నానబెట్టి, సాయంత్రానికి కదిలించాడు. వించ్‌ను ఎత్తి షెడ్డులో పరిచిన గోనెసంచి మీద దించేసరికి అతని నడుం పట్టేసింది. తీగలక్క ముక్కాలిపీట వేసుకుని కూర్చుని మోటారు వైపు మూత తీసింది. లోపలినుంచి ఎర్రటి నీళ్లు బొటబొటా కారాయి. ఓ మూలన కందిరీగ కట్టిన మట్టిగూడు.

"పాపం, ఇంతమంది కాపురం ఉంటే ఇంకేం పలుకుతుంది?" అంది ఆమె.

చిన్న బల్బు, రెండు తీగ ముక్కలు, జీపు బ్యాటరీ. వీటితోనే పరీక్ష చేసింది. ఒక తీగను మోటారులోని రాగి తీగ చుట్టకు, ఇంకోదాన్ని ఇనుప ఒంటికి ఆనించింది. బల్బు వెలగలేదు. అల్లుడి మొహం చిన్నబోయింది.

"వెలగలేదంటే పోయినట్టేనా అత్తయ్యా?"

"వెలిగితే పోయినట్టు. తీగలో కరెంటు ఒంట్లోకి కారడం లేదు. బతికే ఉంది."

అతను తనను 'అత్తయ్యా' అనడం అదే మొదటిసారి. అది ఆమె చెవిన పడింది, కానీ పడనట్టే మళ్లీ మోటారు మీదికి వంగింది.

చుట్టకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు తమ గూళ్లలోనే తుప్పుకి బిగుసుకుపోయాయి. వాటిని నెట్టే స్ప్రింగు ఒకటి విరిగింది. వాటి కింద తిరిగే రాగి పట్టీలు నల్లగా మాడి ఉన్నాయి. ఆమె వాటిని సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పట్టీల మధ్య సందుల్లోని మసిని విరిగిన రంపపు బ్లేడుతో ఓపిగ్గా గీకింది. ఒకచోట చుట్టకు వేసిన పాత గుడ్డపట్టీ కుళ్లిపోతే, దాన్ని విప్పి కొత్త పట్టీ చుట్టి, వార్నిష్ పూసి, వేడి బల్బు కింద ఆరబెట్టింది. అల్లుడు ఊళ్లోకి వెళ్లి బ్రష్‌లు తెచ్చాడు. ఆమె చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇవి పంపువి. ఇది ఒక్కసారిగా బోలెడంత కరెంటు లాగే మోటారు. కారు స్టార్టరువి అడగండి, రాగిపొడి కలిసినవి. కొంచెం పెద్దవైనా పరవాలేదు, నేను అరగదీసుకుంటా."

మోటారు ఆమెది, గేర్లు అతనివి. ఈ పంపకం ఎవరూ చెప్పకుండానే జరిగిపోయింది. గేర్ల డబ్బాలో పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటే అతను దాన్ని గీకి, పళ్లన్నీ కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు దట్టించాడు. ఆ పని అతని చేతుల్లో ఎంత చకచకా సాగిందో ఆమె పీట మీద కూర్చుని చూసింది. తనకు గేర్ల సంగతి బొత్తిగా తెలియదు. తెలియని పనిని పక్కన కూర్చుని చూడటం బాగుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

అన్నీ బిగించి, తీగలు కలిపి, స్విచ్చి నొక్కినప్పుడు ముందు 'టిక్' మంది. తర్వాత ఓ మూలుగు. ఆపైన డ్రమ్ము, నిద్రలో పక్కకు ఒత్తిగిలే మనిషిలా మెల్లగా తిరిగింది. అల్లుడు చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. వంటింట్లోంచి కూతురు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

అసలు పరీక్ష మర్నాడు. ఇంటి వెనక మట్టి వాలు మీద ఓ పాత సిమెంటు దిమ్మ ఉంది. దానికి కొక్కెం తగిలించి, జీపు తనను తాను పైకి లాక్కోవాలి. లాక్కుంది కూడా. సగం వాలెక్కాక అతను స్విచ్చి వదిలాడు. జీపు ఆగింది. ఆగినట్టే ఆగి, నెమ్మదిగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. అతను కంగారుగా కాలి బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు.

విప్పి చూస్తే సంగతి తెలిసింది. డ్రమ్ము లోపల బరువును ఆపి పట్టుకునే బ్రేకు ఒకటుంది. అది పొడిగా ఉండాలి. అతను ప్రేమకొద్దీ దానిక్కూడా గ్రీజు పట్టించాడు.

"ముందుకి లాగే ఏర్పాటు నేను చేశాను, వెనక్కి పోయే ఏర్పాటు మీరు చేశారు. సరిపోయింది," అంది తీగలక్క. ఇద్దరూ కింద కూర్చుని కడుపుబ్బా నవ్వారు. బ్రేకును కడిగి, తుడిచి, ఆరబెట్టి మళ్లీ బిగించారు. ఈసారి జీపు ఎక్కడ ఆపితే అక్కడ, మేకు కొట్టినట్టు నిలబడింది.

పాత ఉక్కుతాడు పోగులు తెగి ముళ్లపందిలా లేచి ఉంటే దాన్ని పారేసి కొత్తది తెచ్చారు. దాన్ని డ్రమ్ముకు చుట్టేటప్పుడు అల్లుడు తొందరపడబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. తాడు చివర చెట్టుకు తగిలించి, జీపును దాని వైపు లాగించుకుంటూ, తాడు బిగువుగా ఉండగా చుట్టించింది. చుట్టు పక్కనే చుట్టు, సందు లేకుండా. వదులుగా చుడితే బరువు పడ్డప్పుడు పై చుట్టు కింది చుట్ల మధ్య ఇరుక్కుపోతుంది. చుట్టడం వరకూ వస్తే అది రాగి తీగైనా ఉక్కుతాడైనా ఆమె మాటే చెల్లింది.

వానలు మొదలయ్యాయి. ఓ రోజు పొద్దున జీపు తీస్తూ అల్లుడు, "అత్తయ్యా, మీరు కొండ పైకి ఎప్పుడూ రాలేదు కదా. ఇవాళ వస్తారా? సిలిండర్లు దింపి వచ్చేయడమే," అన్నాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ముందు సీట్లో కూర్చుంది.

రెండో మలుపు దాటాక బంకమట్టి దారిలో ఓ వ్యాను ఒక పక్కకు ఒరిగి కనిపించింది. ఎడమ చక్రాలు రెండూ కాలువలోకి దిగిపోయాయి. వ్యాను నిండా తేనెటీగల పెట్టెలు. నలుగురైదుగురు మనుషులు దూరంగా, చాలా దూరంగా నిలబడి సలహాలు చెబుతున్నారు. మొహానికి వల కట్టుకున్న పెంపకందారు ఒక్కడే వ్యాను పక్కన ఉన్నాడు.

"ట్రాక్టరుతో గుంజుతామంటున్నారండీ," అన్నాడు అతను ఏడుపు గొంతుతో. "ఒక్క కుదుపు చాలు, పెట్టెలు దొర్లుతాయి. ఆ తర్వాత మనందరికీ పరుగుపందెమే."

అల్లుడు అత్తగారి వైపు చూశాడు. ఆమె వించ్ వైపు చూసింది.

"మాది మెల్లగా లాగుతుంది. ఎంత మెల్లగా అంటే చూసేవాళ్లకి విసుగొస్తుంది," అంది ఆమె.

గట్టి నేల చూసి జీపు ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. అల్లుడు తోలు చేతొడుగులు వేసుకుని తాడు విప్పుకుంటూ వెళ్లాడు. కొక్కెం తగిలించే పని పెంపకందారే చేశాడు. ఒకవేళ తెగితే మీదికి కొరడాలా రాకుండా తాడు మీద తడిపిన గోనెసంచులు వేశారు. అల్లుడు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఇంజను నడుస్తుండగా స్విచ్చి పట్టుకుని తీగలక్క జీపులోనే కూర్చుంది.

తాడు బిగిసింది. వ్యాను ఓ మూలుగు మూలిగి, బెత్తెడు కదిలింది. మరో బెత్తెడు. లోపలి పెట్టెల్లోంచి ఝుమ్మనే శబ్దం పెరిగింది. దూరంగా ఉన్నవాళ్లు ఇంకాస్త దూరం జరిగారు. అంతలో ఆమె స్విచ్చి వదిలేసింది.

"ఏమైంది అత్తయ్యా?"

"మోటారు గొంతు మారింది. వేడెక్కింది. కాసేపు ఊపిరి తీసుకోనివ్వండి. ఇంజను మాత్రం ఆపకండి, బ్యాటరీ నిండాలి."

వ్యాను ఎక్కడిదక్కడే నిలిచింది, ఒక్క అంగుళం జారలేదు. అల్లుడు లోలోపల ఆ పొడి బ్రేకుకు దండం పెట్టుకున్నాడు. అలా లాగుతూ, ఆపుతూ, మళ్లీ లాగుతూ, మొత్తానికి నాలుగు చక్రాలూ దారి మీదికొచ్చాయి. ఒక్క పెట్టె కూడా కదల్లేదు. దారి తప్పిన ఒకే ఒక ఈగ మాత్రం అల్లుడి చెవిని వెతుక్కుంటూ వచ్చి కుట్టింది.

పెంపకందారు వల పైకెత్తి వించ్ చుట్టూ తిరిగి చూశాడు. "పాతదానిలా ఉందే! ఎవరు బాగుచేశారండీ?"

"మా అత్తయ్యగారు. తీగలక్క అంటారు," అన్నాడు అల్లుడు చెవి పట్టుకునే.

"ఇవాళ్టినుంచి తేనెటీగలక్క!" అన్నాడు పెంపకందారు. దూరంగా ఉన్నవాళ్లు కూడా దగ్గరికొచ్చి నవ్వారు. ఆమె మొహం తిప్పుకుని తాడుకి అంటిన మట్టి తుడవసాగింది. దుకాణంలో బాగుచేసిన మోటార్లన్నీ సంచిలో పెట్టుకుని ఎవరెవరో పట్టుకుపోయేవారు. అవి ఆ తర్వాత ఏ నీళ్లు తోడాయో, ఏ పిండి విసిరాయో ఆమె కళ్లారా చూసింది లేదు. తను బాగుచేసిన మోటారు పనిచేస్తుంటే పక్కనే కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

సాయంత్రం వాచిన చెవితో, చేతిలో తేనె సీసాతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి కూతురు, "ఎవరండీ మీ చెవి మెలేసింది? మా అమ్మేనా?" అంది.

ఆ తర్వాత వించ్ వాళ్లిద్దరి బాధ్యత అయిపోయింది. బురదలోకి వెళ్లొస్తే కడిగి ఆరబెట్టడం, పని లేకపోయినా అప్పుడప్పుడు కాసేపు తిప్పి లోపలి చెమ్మ ఎండగొట్టడం, బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి పొడి తుడవడం. నెలకోసారి తాడు మొత్తం వీధి పొడవునా పరిచి, ఎక్కడన్నా పోగు లేచిందేమో చూసి, నూనెగుడ్డతో తుడిచి మళ్లీ చుట్టడం. వీధిలో వాళ్లు తాడు దాటుకుంటూ పలకరిస్తారు. కొందరు చంకలో మిక్సీ పెట్టుకుని మరీ దాటుతారు. షెడ్డులో ఆమెకో బల్ల వెలిసింది. కూతురు పాత రెయిన్‌కోటు కత్తిరించి వించ్‌కు ముసుగు కుట్టింది.

మొన్న రాత్రి భోజనాల దగ్గర అత్తా అల్లుళ్ల మధ్య పెద్ద వాదన. మోటారు అడుగున సన్నటి బెజ్జం వేయాలని ఆమె అంటుంది. వేస్తే నీళ్లు లోపలికొస్తాయని అతను.

"నీళ్లు ఎలాగూ వస్తాయి బాబూ. మనం ఎంత బిగించినా వస్తాయి. వచ్చినవి పోయే దారేది?"

"ఆ దారినే లోపలికొస్తే?"

"కాలువలో పడుకోబెట్టి నడుపుతారా ఏంటి జీపుని?"

"ఇద్దరూ కాస్త అన్నం మీద దయ చూపండి, చల్లారిపోతోంది," అంది కూతురు.

తెల్లారాక షెడ్డులోంచి డ్రిల్లు చప్పుడు వినిపించింది. కాసేపటికి అల్లుడి గొంతు. "అత్తయ్యా, ఇంత చాలా?"

ఆమె టీ గ్లాసు పట్టుకుని వెళ్లి, వంగి చూసింది. "చాలు. అంచులు గరుగ్గా ఉన్నాయి, కాస్త ఆకురాయి పట్టించండి," అని చెప్పి, టీ చల్లారకముందే తాగడానికి తన పీట మీద కూర్చుంది.