పాటకు ముందు దించిన తీగలు

నా చిన్నప్పుడు గౌడవెల్లిలో మా ఇంటి ఆదివారాలు అలసటతోనే గడిచేవి. నాయిన ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే మళ్లీ లేవడానికి ఓపిక ఉండేది కాదు. పక్కింటి చాచా వారమంతా మేడ్చల్ వీధుల్లో కూరగాయల బండి తోస్తూ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. అయినా ఫంక్షన్లలో చాచా పాడేవాడు, నాయిన గిటార్ వాయించేవాడు. ఆ ఒక్కటే వాళ్లిద్దరికీ సరదా.

నాకు పదమూడేళ్లప్పుడు నాయిన ఎడమచేతి వేళ్లు మిషన్‌లో నలిగిపోయాయి. ఇక గిటార్ పట్టలేడని తేలింది. శామీర్‌పేటలో ఒక పుట్టినరోజుకు పాడతామని ముందే ఒప్పుకున్నారు. వేరేవాళ్లతో పాడనని, ఇక పాటే మానేస్తానని చాచా అన్నాడు. నేను వాయిస్తానన్నాను. నాయిన నేర్పిన నాలుగు కార్డ్స్, అంటే తీగలు కలిపి నొక్కే పట్లు, తప్ప నాకేమీ రావు, ధైర్యం మాత్రం బోలెడు.

నాకున్న ఆధారం ఒక్కటే. కీసరలో ఒక ఫంక్షన్‌లో వాళ్లు పాడుతుంటే ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన రికార్డింగ్. పిల్లల ఏడుపులు, ప్లేట్ల చప్పుడు మధ్యలో గిటార్‌ను వెతుక్కోవాలి. వారం రోజులు విని విని కార్డ్స్ అన్నీ పట్టుకున్నాను. కానీ రికార్డింగ్‌తో కలిపి వాయిస్తే నా శ్రుతి ఎప్పుడూ కాస్త పైనే ఉండేది. బడిలో కీబోర్డ్‌తో గిటార్ శ్రుతి సరిచూసుకున్నా అంతే. వేళ్లు బొబ్బలెక్కాయి. విసుగొచ్చి, ఆ రోజు నువ్వే శ్రుతి తప్పావని నాయిన మొహం మీదే అనేశాను. నలిగిన చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని ఎంత మాటన్నానో తర్వాత గానీ తెలియలేదు.

నాయిన కోపపడలేదు. కళ్లు తెరవకుండానే, “పాట కాదు బిడ్డా, పాటకు ముందుది ఇను” అన్నాడు.

నేను రోజూ దాటేసే భాగం అది. ఈసారి విన్నాను. నాయిన ఒక్కో తీగనూ మీటుతూ, కొంచెం కొంచెం వదులు చేసి శ్రుతి దించుతున్నాడు.

“చాచా పొద్దంతా బండి మీద ఒర్రి ఒర్రి వస్తడు. గొంతు పైకి అందదు. తగ్గించి పాడమంటే చిన్నబోతడు. అందుకే నేనే దించిన. ఆయనకు తెల్వద్దు.”

నాకు ఏడుపొచ్చింది. శామీర్‌పేటలో చాచా నీళ్లు తాగుతున్నప్పుడు నేనూ అలాగే తీగలు దించాను. పై స్వరం దగ్గర ఆయన గొంతు వణికింది గానీ అందుకుంది. పాట నిలబడింది.

తిరుగు ప్రయాణంలో చాచా బస్సు సీటుకు తల వాల్చి మెల్లగా అన్నాడు. “నువ్వు గూడ మీ నాయిన లెక్కనే దించినవ్ బేటా. నాకు మొదటి సంది ఎరుకే. తెల్వనట్టే పాడిన. నాయినకు జెప్పకు, మనసు కష్టపెట్టుకుంటడు.”

ఇద్దరి మాటా నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు నేను పిల్లలకు పాట, గిటార్ నేర్పుతున్నాను. సాయంత్రమయ్యేసరికి నేనూ డస్సిపోతాను. అయినా ఏ పిల్లయినా పై స్వరం అందక ఆగిపోతే, తీగలు సరిచేసుకుంటున్నట్టు నటించి కొంచెం దించుతాను. ఆ పిల్ల నా వైపు చూడకుండా పాడేస్తుంది. తెలిసే పాడుతోందేమో అనిపిస్తుంది. అడగను. చాచాకు మొదటినుంచీ తెలుసని నాయినకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.