అవ్వ చెవిలో తాత బూర

హిందూపురం ఇంటర్నెట్ సెంటర్లో ఆన్‌లైన్ అమ్మకాల పేజీ చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది. గ్రామఫోను బూర ఒక్కటే ఉంది. పెట్టె లేదు, ముల్లు లేదు, సొట్టలు మాత్రం నిండుగా ఉన్నాయి. ధర ముప్పై వేలు! పైగా "పురాతన వస్తువు, మోగదు" అని గొప్పగా రాసుకున్నారు. మోగనిదానికి అంత ధరేమిటి?

అలాంటి బూరే పెనుకొండలో మా ఇంట్లోనూ ఉండేది. మా తాత ధర్మవరం దాకా పెళ్ళిళ్ళకు మోసుకెళ్ళి పాటలు వేసిన గ్రామఫోనుది. తాత పోయాక పెట్టెను చెదలు తినేశాయి, ఇత్తడి బూర మిగిలింది. అవ్వకు వినికిడి తగ్గాక దాని సన్నటి కొస చెవికి ఆనించుకునేది. మేం వెడల్పాటి వైపు నుంచి మాట్లాడేవాళ్ళం. ఇంటికెవరొచ్చినా కుర్చీ కంటే ముందు బూర చూపించేది. కూరగాయలామె ధర చెప్పినా, పక్కింటావిడ కోడలి మీద చాడీలు చెప్పినా అందులోకే. చాడీలు వీధంతా వినేది.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికెళ్ళగానే బూరలోకి వంగి అరిచాను. "అవ్వా, ఇట్లాటిదానికి ముప్పై వేలు చెప్తాండారు. అమ్మేద్దామా?"

అవ్వ బూరను చెవికి ఇంకాస్త అదుముకుంది.

"తిక్కోడా! మీ తాత ఊరూరికీ పాటలు ఇనిపించె గానీ, నన్ను ఏపొద్దూ దీని ముందర కూచోబెట్టల్యా. ఇప్పుడు నాకొక్కదానికే ఇనిపిస్తాండాడు."