ఊరికే పరుగెత్తినందుకు

పొద్దంతా బియ్యం దుకాణంలో కూర్చోవాలంటే నా కాళ్లు ఒక్కచోట నిలవవు. అందుకే ఇవాళ కూడా దుకాణం తెరవకముందే మిర్యాలగూడ అవతలి గుట్టబాట పట్టి పరుగెత్తాను. పిట్టల కూత తప్ప అలికిడి లేదు. మలుపు తిరిగేసరికి ఒక అవ్వ నన్ను చూసి, సద్దిమూట ఒళ్లో దాచుకుని, బండ చాటున చెవులు మూసుకుని కూర్చుంది.

"ఏమైందవ్వా?"

"వత్తి ముట్టిచ్చి ఉరుకుతలేవా కొడుకా?"

గుట్ట వెనక సాగర్ కాలువ తవ్వుతున్నారు. అక్కడ బండలు పేల్చేవాడు వత్తి అంటించి ఇలాగే పరుగెడతాడట.

"లేదవ్వా, ఊరికెనే ఉరుకుతున్న."

"ఊరికెనేనా? అయితే గీ సద్ది కాలువకాడ మా ముసలోనికి ఇయ్యి. నాకు మోకాళ్లు గుంజుతున్నయ్."

కాళ్లకు పని దొరికిందని మూట అందుకుని ఇంకా జోరుగా దిగాను. నన్ను చూడగానే కాలువలోని కూలీలంతా గడ్డపారలు పడేసి పరుగందుకున్నారు. "ఆగుండ్రి, సద్ది తెచ్చిన!" అని అరుస్తూ నేను వెంటపడ్డకొద్దీ వాళ్లు ఇంకా దూరం పోయారు. అందరికంటే ముందు ఉరికింది ఒక ముసలాయన. సద్ది ఆయనదేనని తర్వాత తెలిసింది.

రేపు కూడా పరుగెత్తకుండా ఉండలేను. జనం పారిపోకుండా ఎలా పరుగెత్తాలో మీలో ఎవరికైనా తెలుసా?