మామయ్య చెప్పని చివరి రెండు వారాలు

పోయిన నెల మా మనవరాలు పరీక్షలు రాసేసి, వారం రోజులు ఉండిపోదామని పద్మారావు నగర్‌లోని మా ఇంటికి వచ్చి, సోఫాలో ఓ మూల ముడుచుకుని దిండంత లావున్న ఇంగ్లీషు నవల చదువుతూ కూర్చుంది. కాఫీ ఇవ్వబోతూ అట్ట మీద బొమ్మ చూశాను. నీటి అడుగున ఒక అమ్మాయి, మెడకు రెండు పక్కలా చేపకున్నట్టు మొప్పలు. సముద్రంలో బతికే మనుషుల కథ అమ్మమ్మా, ఫాంటసీ, నీకు ఎక్కదులే అంది. నేను నవ్వి వంటింట్లోకి వచ్చాను గాని, పాలు పొంగి స్టవ్ మీద పడేదాకా అక్కడే నిలబడి ఉన్నానని తర్వాత తెలిసింది.

వారపత్రిక కోసం వారమంతా ఎదురుచూసిన మా తరం వాళ్లకు చెబితే నమ్ముతారు, అలాంటి మొప్పల మనుషుల నవల మా ఇంట్లోనే ఒకటి పుట్టింది. అది మా మేనమామది. మామయ్య మెట్టుగూడలో ఉండేవాడు, రైల్వేలో గుమాస్తా. సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆయనకు తెలిసిన లోతు నీళ్లన్నీ చిన్నప్పుడు ఈతకొట్టిన బావుల్లోనివే. అయినా, నీళ్ల కింద ఒక ఊరు, ఆ ఊళ్లో తరళ అనే అమ్మాయి, పై నుంచి పడవ మునిగి అక్కడ చేరిన ఒక యువకుడు, వీళ్లందరితో ఒక కథ ఆయన తలలో ఎన్నేళ్లుగానో తిరుగుతుండేది. చదువంతా ఉర్దూలో సాగడం వల్ల తెలుగు చదవడం కూడబలుక్కునైనా చదివేవాడు గాని, రాయాలంటే చెయ్యి ఆడేది కాదు. అందుకని ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. నాకప్పుడు పదిహేడేళ్లు. ఇంటర్ చదువుతూ ఆదివారాలు అక్కడికి వెళ్లేదాన్ని.

ఆయన చెప్పే తీరే వేరు. తొందరపడి నేను తరళ చేత గట్టిగా అరిపించానా, కలం పట్టుకుని ఆపేవాడు.

"జెర ఆగు బిడ్డా. నీళ్లల్ల సప్పుడు ఎటుకెల్లి వస్తుందో తెల్వది. అన్ని దిక్కులకెల్లి వచ్చినట్టే ఉంటది. అందుకే వాళ్లు ముందు భుజం ముట్టుకోని, అప్పుడు మాట్లాడ్తరు."

ఇవన్నీ ఎక్కడ తెలుసుకున్నాడో నాకు తెలియదు. ఎదురింట్లో మచిలీపట్నం నుంచి వచ్చి స్థిరపడిన ఒక టీచరమ్మ ఉండేది. ఆమెను నిలబెట్టి సముద్రం వాసన ఎలా ఉంటుందని అడిగేవాడు. పాపం ఆమె ఎంత ఆలోచించినా, తడి తాడు వాసనలా ఉంటుందండీ అనే చెప్పేది. అదీ కథలోకి ఎక్కింది.

ఒక వారపత్రికలో అది సీరియల్‌గా మొదలయ్యాక ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంక రెండు వారాలది రాస్తే ముగుస్తుందనగా, ఒక పొద్దున ఆఫీసుకు తయారవుతూ చొక్కా గుండీ పెట్టుకోలేక పక్కకు ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది గాని, కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. మేం చెప్పింది అర్థమవుతోందని కళ్లే చెప్పేవి. నోట్లోంచి మాత్రం 'బ... బ...' తప్ప మరొకటి వచ్చేది కాదు.

పదిరోజులకు పత్రిక నుంచి ఒకాయన వచ్చాడు. మంచివాడే.

"ముందే పంపినవి అచ్చయిపోయాయి, ఇంక రెండు వారాలదేనండీ కావాలి. శుక్రవారంలోగా అందకపోతే వేరేవాళ్ల చేత రాయించేస్తారు. పాఠకులు ఆగరు కదండీ."

"మనిషికే మాట లేదు, కతేందయ్యా ఇప్పుడు?" అని అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శుక్రవారానికి మిగిలిన నాలుగు రోజులూ నేను కాలేజీ మానేసి మంచం పక్కనే కూర్చున్నాను. ముగింపు ఏమిటో ఆయన నాకు ముందుగా ఎన్నడూ చెప్పలేదు, ఏ వారానిది ఆ వారమే.

"తరళ గట్టు మీదికొస్తదా మామా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఆ పిలగాడే నీళ్లల్ల ఉండిపోతడా?"

మళ్లీ అడ్డంగానే.

"ఇద్దరు సచ్చిపోతరా?"

ఎడమ చేత్తో మంచం పట్టెను గట్టిగా కొట్టాడు. నేను భయపడి పలక తెచ్చి ఆ చేతికే బలపం ఇచ్చాను. చెమటలు కక్కుకుంటూ కుడి నుంచి ఎడమకు ఏవో గీతలు గీశాడు. ఉర్దూ అనుకుని పలకను చెరిగిపోకుండా పట్టుకుని, రెండు వీధుల అవతల ఉండే ఆయన ఆఫీసు స్నేహితుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొదటిది అలీఫ్ అక్షరం లెక్కనే ఉంది బిడ్డా. మిగిలినయి ఉత్త గీతలే. ఏం జెయ్యాలె, పరేషాన్ గాకు."

శుక్రవారం దాటిపోయింది. చివరి సంచిక వచ్చినప్పుడు ముందు నేనే చదివాను. ఎవరో రాసేశారు. తరళ గట్టెక్కుతుంది, గాలి తగలగానే మొప్పలు మూసుకుపోతాయి, పెళ్లితో కథ కంచికి. మామయ్య చదవమని సైగ చేస్తే పత్రిక తెరిచి పట్టుకుని, అందులో లేనిదేదో నోటికొచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన రెండు నిమిషాలు విన్నాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపి పత్రికను తన వైపు వంచుకున్నాడు. పేజీ సగం బొమ్మే, పట్టుచీరలో పెళ్లికూతురు. ఆమె నున్నటి మెడ మీద వేలు పెట్టి, అక్కడే ఉంచి, నా వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది.

అంతకన్నా కష్టమైంది ఆ తర్వాత జరిగింది. చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ ఆ ముగింపునే మెచ్చుకున్నారు. వీధి మూలమీది దర్జీ అయితే మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం ముగించినవన్నా! పిల్లకు పెండ్లి జేసి దిల్ ఖుష్ జేసినవ్!"

మామయ్య 'బ... బ...' అంటూ తల ఊపుతుంటే, సంతోషం పట్టలేక అంటున్నాడనుకుని అతను ఇంకా గట్టిగా నొక్కాడు. నేను అక్కడే ఉన్నాను. అది మా మామయ్య రాసింది కాదని చెప్పడానికి నోరు తెరిచాను గాని, మరి ఆయన రాసిందేమిటని అడిగితే నా దగ్గర ఏమీ లేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. ఆయన ఉన్న గదిలోకి అత్తయ్య మళ్లీ పత్రిక రానివ్వలేదు.

ఈమధ్య, నాతో పాటు బడిలో పనిచేసిన ఒకావిడ భర్తకు ఇదే జబ్బు చేసిందంటే చూడ్డానికి వెళ్లాను. మాట నేర్పడానికి రోజూ ఒక అమ్మాయి వస్తోంది, బొమ్మల కార్డులు ముందు పరిచి ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. ఆయన తడుముకుంటుంటే ఉండబట్టలేక, మంచినీళ్లా, మందా, టీవీ పెట్టాలా అని నేను అందించబోయాను. ఆ అమ్మాయి మెల్లగా ఆపింది.

"మీరు మాట అందించొద్దు ఆంటీ. ఆయనే చెప్పే దాంక ఆగుదాం."

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నాకు కన్నీళ్లు ఆగలేదు. ఇవాళ ఇది నేర్పేవాళ్లున్నారు, దానికో చదువుంది. అప్పుడు మాట పోయిందంటే పోయినట్టే అనుకున్నాం. ఆ నాలుగు రోజులూ నేను అడిగిన ముగింపులన్నీ నావే, పదిహేడేళ్ల పిల్లకు తోచినవే. ఊరికే ఆగి చూసినా ఆయన చెప్పగలిగేవాడో లేదో నాకు తెలియదు. నేను ఆగలేదన్నది మాత్రం తెలుసు.